లంగరు గుర్తు వెనుక ఉన్న భక్తుడు

క్రైస్తవ బాలుర సంఘాలలో పాతదైన బాయ్స్ బ్రిగేడ్ గుర్తు లంగరు. గ్లాస్గో నగరంలో సండే స్కూలు ఉపాధ్యాయుడు విలియం అలెగ్జాండర్ స్మిత్ 1883 అక్టోబరు 4న ఆ సంఘాన్ని ప్రారంభించారు. నిరీక్షణను ఆత్మకు లంగరుతో పోల్చిన హెబ్రీ 6:19 ఆ గుర్తుకు ఆధారం. 1926లో బాయ్స్ లైఫ్ బ్రిగేడ్ వచ్చి కలిసినప్పుడు లంగరు వెనుక సిలువ చేరింది.

ఓడలు చూడని చిత్తూరు, పలమనేరు పిల్లలకు లంగరంటే ఏమిటో ముందు చెప్పాలి. ఓడ కొట్టుకుపోకుండా సముద్రపు అడుగున పట్టి నిలిపే బరువైన ఇనుప కొక్కెం అది.

సంఘ చరిత్రలో లంగరు పట్టుకొని కనిపించే భక్తుడు మొదటి శతాబ్దపు రోమా అధ్యక్షుడు క్లెమెంతు. పురాతన కథ ఇలా చెబుతుంది: ట్రాజన్ చక్రవర్తి ఆయనను నల్ల సముద్ర తీరాన క్రిమియాలోని రాతి గనులకు పంపాడు. అక్కడి ఖైదీలు గుక్కెడు నీళ్ళకు అల్లాడుతున్నారు. ఆయన ప్రార్థించగా ఒక గొర్రెపిల్ల కనిపించింది, అది చూపిన చోట తవ్వితే ఊట పుట్టింది. అనేకులు విశ్వసించారు. కోపించిన అధికారులు మెడకు లంగరు కట్టి ఆయనను సముద్రంలో పడవేశారు.

నీటి కరువు ఎరిగిన మన సీమవారికి ఈ కథ వెంటనే హత్తుకుంటుంది. అయినా దీనిని చరిత్రగా బోధించకూడదని మా మనవి. ఇది క్లెమెంతు తర్వాత కొన్ని శతాబ్దాలకు వ్రాయబడింది. నాలుగవ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియసు ఆయన మరణాన్ని పేర్కొన్నాడు గాని హతసాక్షి అయ్యాడని చెప్పలేదు. కథను కథగానే చెబితే పిల్లల విశ్వాసానికి నష్టం లేదు. నిజమని చెప్పి, రేపు వారే కాదని తెలుసుకుంటే, సువార్తను కూడా అనుమానిస్తారు.

నిజంగా మనకు మిగిలింది ఒక పత్రిక. రోమా సంఘం క్రీ.శ. 96 ప్రాంతంలో కొరింథు సంఘానికి పంపిన ఆ పత్రికను క్లెమెంతే వ్రాశాడని సంఘ సంప్రదాయం. కొరింథులో కొందరు కలహం రేపి, నిర్దోషులైన పెద్దలను పదవి నుండి తొలగించారు. చిన్నవారు పెద్దలపై లేచారని పత్రిక బాధపడి, పశ్చాత్తాపాన్నీ తగ్గింపునూ సమాధానాన్నీ కోరింది.

మన సంఘాలలోనూ యౌవనస్థులకూ పెద్దలకూ మధ్య ఇటువంటి చీలికలు లేవా? లంగరు గుర్తు ధరించే యౌవనస్థుడు ఆ పత్రికను ఒకసారి చదవాలి. యౌవనస్థుల మాట వినని పెద్దలూ చదవాలి. తుఫానులో ఓడను నిలిపేది లంగరే గాని, ఓడలోనివారి తగవు కాదు.