అంచు లేపితే పాత చట్టం

రుద్రూర్‌లో నిజాంసాగర్ కాలువ కింద చెరుకు వేసిన ఇళ్లల్లో పన్ను మాట పెద్దగా వినపడదు. చెరుకు అమ్మిన డబ్బు వ్యవసాయ ఆదాయం, దానికి ఇన్‌కం ట్యాక్స్ లేదు. గొడవంతా బండి పొలం దాటాకే: ఫ్యాక్టరీ చెరుకు కొన్నప్పుడు, బెల్లం మార్కెట్‌కు పోయినప్పుడు, పంచదార లారీ ఎక్కినప్పుడు. బోధన్‌లో సేల్స్ ట్యాక్స్ లెక్కలు రాసి బతికినవాణ్ని నేను. పన్ను కట్టించడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ పన్ను చెప్పే సెక్షన్ ఇవాళ ఏ రూపంలో ఉందో పట్టుకోవడమే కష్టం.

శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1930ల చివర్లో మొదలైనప్పుడు చట్టం ఉర్దూలో, సర్కారు గెజిట్ అయిన జరీదాలో వచ్చేది. తేదీలు ఫసలీ క్యాలెండర్‌వి. హైదరాబాద్ ఇన్‌కం ట్యాక్స్ చట్టం మీద 1357 ఫసలీ అని ఉంటుంది. అది మూడేళ్లు కూడా నిలవలేదు. 1950 ఏప్రిల్ 1 నుంచి భారతదేశపు 1922 చట్టం ఇక్కడికీ వచ్చింది. అదే ఏడు హైదరాబాద్ జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం పుట్టింది. రాష్ట్రాలు కలిశాక, దాన్నీ కోస్తాలో నడుస్తున్న 1939 నాటి మద్రాసు చట్టాన్నీ తీసేసి 1957లో ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చారు. పదేళ్లలో భాష మారింది, క్యాలెండర్ మారింది, చట్టం చేసే సభ మారింది. మునీములు మాత్రం వాళ్లే.

చెరుకు సంగతి ఇంకా చిత్రం. ఫ్యాక్టరీలోకి వచ్చే చెరుకు మీద ఉత్తరప్రదేశ్ వేసిన సెస్సును 1960 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఫ్యాక్టరీ ఆవరణ రాజ్యాంగం చెప్పే ‘స్థానిక ప్రాంతం’ కిందికి రాదంది. 1961లో పార్లమెంటు వెనకటి తేదీలతో చట్టం చేసి పాత వసూళ్లను నిలబెట్టింది. వెనకటి తేదీతో వచ్చే సవరణ ఏం చేస్తుందో మా వృత్తివాళ్లకు అప్పుడే తెలిసిపోయింది: నిన్న చదివింది నిన్నటికి కూడా చెల్లకుండా పోవచ్చు. అదే 1961లో ఆంధ్రప్రదేశ్ చెరుకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం తెచ్చింది. పన్ను లోపలికి తెచ్చినందుకు గాక కొన్నందుకు వేశారు. రైతు ఇస్తానంటే ఫ్యాక్టరీ కొనక తప్పదు, మరి అది కొనుగోలెట్లా అవుతుందని తణుకు ఆంధ్రా షుగర్స్ వాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయారు. కోర్టు ఒప్పుకోలేదు, ఆ తీర్పు 1968 నాటి లా రిపోర్టుల్లో ఉంది.

ఆ చట్టం 21వ సెక్షన్ చూడండి. టన్నుకు అయిదు రూపాయలు మించకుండా ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా పన్ను వేయవచ్చు అని అప్పట్లో ఉండేది. ఎంత వేసిందో అందులో ఉండేది కాదు. చట్టం పుస్తకం కొన్నవాడికి గరిష్ఠం తెలిసేది, కట్టాల్సింది తెలిసేది కాదు.

అందుకే గెజిట్ కోసం ఎదురుచూపు. హైదరాబాద్ నుంచి పోస్టులో వచ్చే నెలవారీ సేల్స్ ట్యాక్స్ జర్నల్ ఆఫీసులో ఒకరి నుంచి ఒకరికి తిరిగేది. సవరణను చిన్న చిట్టీ మీద రాసి, మైదా జిగురుతో పుస్తకంలో అతికించేవాళ్లం. మా గురువుగారి పద్ధతి ఒకటుంది: చిట్టీకి ఒక్క అంచుకే జిగురు పూయాలి, మీద తేదీ వేయాలి. అంచు లేపితే కింద పాత వాక్యం కనపడాలి. నోటీసు వచ్చేది మూడేళ్ల కిందటి అమ్మకానికి గదా! ఆ రోజు ఉన్న చట్టంతోనే జవాబు రాయాలి.

ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే. కేంద్రం 2015 అక్టోబర్ నుంచి గెజిట్ అచ్చు ఆపేసి ఈ-గెజిట్ ఒక్కటే ఇస్తోంది. ఇండియా కోడ్‌లో కేంద్ర, రాష్ట్ర చట్టాలున్నాయి. ఆదాయపు పన్ను శాఖకు, పరోక్ష పన్నుల బోర్డుకు, మన రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖకు సైట్లున్నాయి. ఇది చిన్న మేలు కాదు. రుద్రూర్‌లో కూర్చున్నవాడికీ హైదరాబాద్ వకీలుకూ ఒకే గంటలో నోటిఫికేషన్ అందుతోంది. కానీ సవరించిన పాఠం ఎవరో కూర్చినది. గెజిట్‌లో వచ్చిందే అసలు. రెండూ కలవకపోతే గెజిట్‌నే నమ్మాలి. ‘ఇప్పటివరకు సవరించినది’ అని పైన రాసి, ఏ తేదీవరకో చెప్పని పేజీని నేను ముట్టుకోను.

బెల్లాన్నే తీసుకోండి. కామారెడ్డి మార్కెట్‌లో విడిగా అమ్మే బెల్లానికి జీఎస్టీ లేదు. ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 2022 జులై 18 నుంచి అయిదు శాతం.  ‘ప్యాక్ చేసి లేబుల్ వేసినది’ అంటే ఏమిటని అప్పటి నోటిఫికేషన్‌ను అడిగితే 2009 నాటి తూనికల చట్టం చూడమనేది. అది పట్టుకుంటే 2011 నియమాల్లోకి పోవాల్సి వచ్చేది, అక్కడ పాతిక కిలోలకు మించిన ప్యాకెట్‌కు మినహాయింపు కనిపించేది. మొలాసిస్ 28 శాతం నుంచి అయిదుకు దిగింది 2023 అక్టోబర్ 20న. 2017 జూన్ నాటి రేట్ల నోటిఫికేషన్‌ను ఎన్నోసార్లు సవరించి, చివరికి 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్తది పెట్టారు. కేంద్రానిది చదివి ఊరుకుంటే సరిపోదు, దానికి జోడుగా రాష్ట్రం ఇచ్చే జీవో కూడా చూడాలి.

జీఎస్టీ వచ్చాక వ్యాట్ పోయిందనుకునేవాళ్లకు ఒక మాట. పెట్రోలు, డీజిలు, మద్యం ఇంకా దాని కిందే ఉన్నాయి. 2005 నాటి ఆ చట్టం 2014 తర్వాత రెండు రాష్ట్రాల్లో రెండు దారులు పట్టింది. పేరు చూసి అమరావతి పాఠం దింపుకుంటే తెలంగాణ బంకుకు పనికిరాదు.

ఇక 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 536 సెక్షన్లు. వ్యవసాయ ఆదాయం మినహాయింపు అనగానే నోటికొచ్చే పదో సెక్షన్ ఇక పనికిరాదు, రెండో షెడ్యూల్‌లో వెతకాలి. 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి మాత్రం పాత 1961 ఆదాయపు పన్ను చట్టమే. మా ఆఫీసులో పిల్లలకు చెప్పాను: పీడీఎఫ్ దింపిన ప్రతిసారీ ఫైలు పేరులో తేదీ పెట్టండి, పాతది తీసేయకండి.