దర్జా నుంచి బిల్డప్ దాకా

లేని గొప్పను ఉన్నట్టు చూపించుకోవడానికి తెలుగులో డాబు, బడాయి, భేషజం అనే మాటలున్నాయి. వీటిలో కొన్నింటి పుట్టుకలో తప్పేమీ లేదు. హిందుస్తానీలో బడాయి అంటే పెద్దరికం. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన దర్జాకు మొదటి అర్థం అంతస్తు. సంస్కృతంలో భేషజం అంటే మందు. ‘భేషజాలకు పోవద్దు’ అనే తెలుగువాడికి ఆ మందు ఊసే పట్టదు. ఇంగ్లీషు ‘స్నాబ్’ కూడా ఒకప్పుడు చెప్పులు కుట్టేవాడి పేరు. పైవాళ్లను అనుకరిస్తూ కిందివాళ్లను ఈసడించేవాడు అనే అర్థం 1846-47లో పంచ్ పత్రికలో వచ్చిన ఇంగ్లీషు రచయిత థాకరే వ్యాసాలతో వ్యాప్తిలోకి వచ్చింది. తెలుగులో ఆ రెండూ ఒక్క మాటలో ఇమడలేదు. చూపించుకునేవాడు బడాయికోరు, ఈసడింపుకు చిన్నచూపు అనే మాట వేరే ఉంది.

మాటలు అలా ఉంచి మనుషుల సంగతి చూస్తే, గుంటూరు సీమలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో దర్జా మొదట జమీందార్ల సొత్తు. మంగళగిరి గాలిగోపురం కట్టించిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి వైభవం 1816లో ఆయన మరణంతోనే తగ్గుముఖం పట్టింది. 1833 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. 1840లలో శిస్తు బకాయిల కింద జమీలు సర్కారు పరమయ్యాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కథ మారింది. వాన కోసం ఆకాశం వైపు చూసిన నేల కాలువ నీటితో మాగాణి అయింది, వరి పండించిన రైతు మేడ కట్టాడు. దర్జా ఇచ్చే ప్రభువు లేడు, కొనుక్కునే డబ్బు మాత్రం ఉంది.

‘అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట’ అనే సామెత ఇలాంటివాళ్ల మీదే పడుతుంది. అయితే కొత్తగా బాగుపడ్డవాణ్ని ‘అల్పుడు’ అనడంలో ఉన్న బడాయి, అర్ధరాత్రి గొడుగులో ఉన్నదానికంటే తక్కువేమీ కాదు.

వాడుకలో సన్నని తేడాలున్నాయి. ‘దర్జాగా బతుకుతున్నాడు’ అంటే మెప్పు. ‘దర్జా వెలగబెడుతున్నాడు’ అంటే వెక్కిరింత. డాబుకు ఆ వెసులుబాటు తక్కువ. కూతురి పెళ్లికి ఊరంతటికీ భోజనం పెట్టిన ఇద్దరు తండ్రుల్లో ఒకరిది దర్జా అంటారు, ఇంకొకరు గొప్పకు పోయారంటారు. పందిరి, విస్తళ్లు, వడ్డన, అన్నీ ఒకలాగే ఉంటాయి. రెండోవారింట్లో మాత్రం సంతకం చేసిన ప్రోనోటు ఉంటుంది. ‘పైన పటారం లోన లొటారం’ అన్నది ఆ ప్రోనోటు సంగతి తెలిసినవాళ్ల మాట.

నాటకాలతో, సాహిత్యంతో పేరుపడిన తెనాలికి ‘ఆంధ్రా ప్యారిస్’ అనే బిరుదు దక్కింది. కాస్త బడాయి ఉన్న బిరుదే, అయినా ఊరివాళ్లు సరదాగా, ఇష్టంగానే చెప్పుకుంటారు. 1909లో ఆ ఊళ్లోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు మధ్యతరగతి భేషజాలనే తన కథలకు ముడిసరుకు చేసుకున్నారు.

ఇప్పటి కుర్రకారు నోట డాబు స్థానంలో ఫోజు, బిల్డప్ వినిపిస్తాయి. దర్జాకు దక్కిన మెప్పు బిల్డప్‌కు దక్కలేదు. ‘బిల్డప్ ఇస్తున్నాడు’ అంటే అది వెక్కిరింతే.