జిల్లా ఓటు నుంచి వార్డు ఓటుకు: ఏలూరు, కొల్లేరు ప్రాంతంలో స్థానిక ఎన్నికలు

పశ్చిమ గోదావరి ఓటర్లు జిల్లా పరిషత్తు అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకున్నది 1987లో. పోలవరం అడవుల నుంచి నరసాపురం తీరం దాకా జిల్లా అంతా ఒకే నియోజకవర్గం. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి, 1959 నుంచి ఉన్న పంచాయతీ సమితులను తీసేసి మండలాలను పెట్టింది. మండలాధ్యక్షుడికి మండలమంతా ఓటు వేసేది. గ్రామాల సర్పంచులే మండల పరిషత్తు సభ్యులు. అంతకుముందు జిల్లా పరిషత్తు పీఠం ఎవరిదో సమితి అధ్యక్షులు, శాసనసభ్యుల వంటి కొద్దిమంది తేల్చేవారు. ఆ అధికారం సామాన్య ఓటరు చేతికి రావడం చిన్న మార్పు కాదు.

కానీ జిల్లా మొత్తం ఒక్క ఓటుగా పోగైతే ఎక్కువ జనం ఉన్న చోటే మొగ్గు ఉంటుంది. కొల్లేరు సరస్సులోని లంకల్లో చేపల వేట మీద బతికే వడ్డి కులస్థులు ఒక్క మాట మీద నిలబడినా, డెల్టా పల్లెల ఓట్ల ముందు వారి బలం లెక్కకు రాదు. బుడమేరు, తమ్మిలేరు వరద వచ్చి పడితే మునిగేది ఈ లంకలే. ఉప్పుటేరు ముఖం పూడితే నీరు నిలిచేది ఇక్కడే. ఆ గోడు పరిషత్తు సమావేశంలో వినిపించాలంటే అక్కడ వారి ఊరి మనిషి ఉండాలి.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పద్ధతిని తిప్పేసింది. మండల, జిల్లా స్థాయి అధ్యక్షులను ఎన్నికైన సభ్యులే తమలోనుంచి ఎన్నుకోవాలి. సభ్యులు మాత్రం ప్రాదేశిక నియోజకవర్గాల నుంచి నేరుగా రావాలి. 1994 పంచాయతీరాజ్ చట్టం దీన్ని అమలు చేసింది. 1995 ఎన్నికల నుంచి పశ్చిమ గోదావరిలోని 46 మండలాలకు మండలానికొక జిల్లా పరిషత్తు ప్రాదేశిక (జడ్పీటీసీ) సభ్యుడు వచ్చాడు. మండలాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక మండల పరిషత్తు ప్రాదేశిక (ఎంపీటీసీ) స్థానం. పోలింగు కేంద్రంలో ఓటరుకు రెండు బ్యాలెట్లు ఇస్తారు: గులాబీ రంగుది ఎంపీటీసీకి, తెల్లది జడ్పీటీసీకి. అధ్యక్షుడికి బ్యాలెట్టే లేదు.

ఎంపీటీసీ స్థాయిలో లంకలకు దీనివల్ల కొంత మేలే జరిగింది. అయితే కొల్లేరు ఒకే మండలంలో లేదు. భీమడోలు, ఉంగుటూరు, నిడమర్రు, ఆకివీడు వంటివి ఒకవైపు, అప్పటి కృష్ణా జిల్లాలోని కైకలూరు, మండవల్లి ఇంకోవైపు. ప్రతిచోటా లంకలు మండలానికి ఒక అంచు మాత్రమే. జడ్పీటీసీ స్థాయికి వచ్చేసరికి వారి ఓటు మళ్లీ ముక్కలవుతుంది.

పట్టణాల్లో దారి వేరు. ఏలూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. తొలినాళ్లలో సభ్యులు ప్రభుత్వం నియమించినవారే. 1884 చట్టం తరువాత ఎన్నికైనవారి వాటా పెరిగింది. 1993 నాటి 74వ సవరణ ఎన్నికయ్యే ప్రతి సభ్యుడూ వార్డు నుంచే రావాలంది. ఛైర్మన్ ఎంపికను మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. అందుకే 2000 ఎన్నికల్లోనూ పట్టణ ఓటరుకు రెండు ఓట్లు ఉన్నాయి: వార్డుకొకటి, పట్టణమంతటి ఛైర్మన్‌కు ఒకటి. 2005 నుంచి రెండోది పోయింది. ఏలూరు నగరపాలక సంస్థ అయిందీ ఆ ఏడాదే.

వార్డు పద్ధతిలో సగం ఎన్నిక హద్దుల గీతల దగ్గరే తేలుతుంది. శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్లమూడి వంటి చుట్టుపక్కల గ్రామాలను కలిపాక ఏలూరును 50 డివిజన్లుగా (నగర వార్డులుగా) గీశారు. ఓటర్ల జాబితాలో తప్పులున్నాయంటూ కొందరు హైకోర్టుకు వెళ్లారు. 2021 మార్చి 10న పోలింగు జరిగినా, లెక్కింపు జులై 25 దాకా ఆగింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 47, తెలుగుదేశానికి 3 డివిజన్లు దక్కాయి. డివిజన్ల పోటీలో రెండోస్థానంలో నిలిచినవారికి ఎన్ని ఓట్లొచ్చినా సీటు ఉండదు. తాడేపల్లిగూడెంలో ఆ పోటీ కూడా లేదు. 2014 పాలకవర్గం గడువు 2019లో ముగిసినా, 2021లో ఆ పట్టణానికి ఎన్నిక జరగలేదు. ఎన్నికే జరపనప్పుడు ఏ పద్ధతైనా ఓటరుకు ఒకటే.

2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు, మండవల్లి ఇటు కలిశాయి. ఆకివీడు పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయినా, కొల్లేరులో అధిక భాగం ఒకే జిల్లాలోకి వచ్చింది. ఇకపై ఎంపీటీసీ స్థానాల హద్దులు గీసే అధికారులు ఒక్కో మండలంలోని లంక గ్రామాలను విడగొట్టకుండా ఒక్క స్థానంలో ఉంచడం న్యాయం.