చీటీ లేని పేర్లు

2006 వానాకాలం. గుండుగొలనులో ముసురు పట్టింది. హైవే పక్కన చేపల ప్యాకింగ్ షెడ్డు. రేకుల మీద వాన దడదడ. కింద ఐసు మిషను గరగర. హౌరా లారీలోకి ట్రేలు ఎక్కుతున్నాయి. నీచువాసన కొట్టే మూలగదిలో కుర్రాడు కీబోర్డు మీద వంగి ఉన్నాడు. తెల్లారితే రైతులకి చెల్లింపులు.

"అయిందేంట్రా?" పెద్ద గుమస్తా తొంగిచూశాడు.

"అయిపోయింది బాబాయ్."

ప్రింట్ నొక్కాడు. కాగితం కదల్లేదు. తెర మీద ఎర్రర్ పడింది.

పోయిన నెల ఇదే రిపోర్టు చకచకా వచ్చింది. కాటా చీటీలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఎక్కించి క్రాస్‌టాబ్ క్వెరీ నడిపితే, రైతుల పేర్లు నిలువుగా, శీలావతి, బొచ్చె, మోసు అని చేపల రకాలు అడ్డంగా పేర్చి, ఎవరి పేరున ఏ రకం ఎన్ని కిలోలు తూగిందో కూడి, బొత్తెడు చీటీల లెక్కని ఒక్క కాగితం మీద పరిచేసేది. క్వెరీ తెరిచాడు. శీలావతి ఉంది. బొచ్చె ఉంది. మోసు మాయం!

ఈసారి మోసుకి ఒక్క చీటీ కూడా పడలేదు. చీటీల్లో లేని రకానికి క్వెరీ కాలమ్ కట్టదు. రిపోర్టేమో ఆ కాలమ్ కోసమే వెతుకుతోంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కుర్రాడు ప్రాపర్టీస్ తెరిచి, 'కాలమ్ హెడింగ్స్' దగ్గర మూడు రకాల పేర్లూ కొట్టాడు. మోసు ఖాళీ గళ్ళతో తిరిగొచ్చింది. ప్రింటర్ కదిలింది.

గుమస్తా కాగితం మీద వేలు జారుస్తూ వచ్చాడు. వేలు ఆగిపోయింది.

"మరి చెరువులు పోయినోళ్ళేరిరా?"

కొల్లేరు సరస్సుని ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించింది 1999లో. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో 'ఆపరేషన్ కొల్లేరు' మొదలైంది. ప్రొక్లెయిన్లు దిగాయి. అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెగాయి. గట్టు తెగినోళ్ళు కాటాకి రాలేదు. చీటీ లేదు, పేరూ లేదు.

"ఆళ్ళకి మనం పాత బాకీ ఉన్నాం."

కుర్రాడి చెయ్యి మౌస్ మీద బిగిసింది. కాలమ్‌లకి చేసిన చిట్కా పేర్లకి పనికిరాదు.

అప్పుడు తట్టింది. రైతుల టేబుల్ వేరే ఉంది! దాన్ని క్వెరీలోకి లాగాడు. పేరుని అక్కణ్ణుంచే తీసుకున్నాడు. రెండు టేబుళ్ళనీ కలిపే గీత మీద డబుల్ క్లిక్ చేసి, చీటీ ఉన్నా లేకున్నా రైతులందరూ రావాలన్న ఆప్షన్ ఎంచాడు. గీత చివర బాణం మొలిచింది. రన్ కొట్టేలోపు కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది.

"సేవ్ చెయ్యరా!"

చేశాడు. రన్ కొట్టాడు. పేర్లు దిగాయి. ఒకటి వెనక ఒకటి, ఎదురుగా అన్నీ ఖాళీ గళ్ళే.

గుమస్తా కళ్ళజోడు సర్దుకుని ఖాతా పుస్తకం తెరిచాడు. "ఒక్కో పేరూ చదువు. బాకీలు నేను చెబుతా, పక్కన ఎక్కించు. పొద్దున్నే మనిషిని పంపి ఆళ్ళకీ కబురెడదాం."