కెలోరీ లెక్క ఎవరి కోసం పుట్టింది, మన దగ్గర ఎందుకు తప్పుతోంది?

పోయిన నెల మీటింగ్ అయ్యాక టీ తాగుతూ ముగ్గురు నలుగురు ఒకటే మాట అన్నారు. రోజూ గంట నడుస్తున్నాం, ఫోన్‌లో కెలోరీలు రాసుకుంటున్నాం, అయినా బరువు పెరుగుతోందని. ఒక అక్కయ్య బాధ ఇంకా ఎక్కువ. ఆమె దొంగచాటుగా తింటోందని ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఈ కెలోరీ చరిత్ర రాయాలనుకుంటున్నాను. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

అసలు కెలోరీ మనిషి కోసం పుట్టింది కాదు. ఫ్రాన్సులో నికొలా క్లెమాన్ అనే ఆయన 1820 ప్రాంతంలో ఆవిరి యంత్రాల మీద పాఠాలు చెబుతూ వాడిన కొలత అది. కిలో నీళ్ళను ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి కావలసిన వేడి అన్నమాట. రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకిది ముచ్చటగా ఉంటుంది. బాయిలర్ కొలత మన కడుపు దాకా వచ్చింది. 1890లలో అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ మనుషుల్ని రోజుల తరబడి ఒక చిన్న గదిలో ఉంచి, వాళ్ళు తిన్నదీ, వాళ్ళ ఒంట్లోంచి వచ్చిన వేడీ కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అనే లెక్క ఆయనదే. 1918లో లూలూ హంట్ పీటర్స్ అనే డాక్టరమ్మ సన్నబడటానికి ఈ లెక్క వాడమని పుస్తకం రాస్తే అమెరికాలో జనం ఎగబడి కొన్నారు.

మన దేశంలో తిండి లెక్క వేరే దారిలో వచ్చింది. తమిళం చదువుకున్న మాకు అది తాదు వరుషప్ పంజం, తెలుగువాళ్ళకు ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతా ఎండిపోయింది. బళ్ళారి, కర్నూలు, కడప వైపు మరీ ఘోరం. కరువు పనుల ఖర్చు తగ్గించడానికి 1877లో దొరతనం వారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. బియ్యం అయితే దాదాపు 1550 కెలోరీలు. అణాతో ఉప్పో పప్పో కొనుక్కోవాలి. ఇది మనుషుల్ని చంపే కూలి అని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వ్యతిరేకించాడు. ఈరోజు మన ఫోన్లు సన్నబడమని చాలామందికి ఇచ్చే 1500 అనే అంకె పక్కన ఆ 1550 పెట్టి చూడండి. నాకైతే ఒళ్ళు జలదరించింది.

తర్వాత 1918లో కూనూరులో మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ జబ్బు మన గోదావరి, విశాఖ వైపు ఎక్కువ, తమిళ జిల్లాల్లో తక్కువ. కారణం బియ్యం. మనవాళ్ళు మిల్లులో పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినేవారు, అక్కడ ఉప్పుడు బియ్యం తినేవారు. కెలోరీలు రెంటిలోనూ ఒకటే, కానీ ఒక చోట కాళ్ళు పడిపోయాయి, ఇంకో చోట పడిపోలేదు. మా అమ్మ చివరిదాకా ఉప్పుడు బియ్యం మానలేదు. అక్కడే 1937లో అయ్‌క్రాయిడ్ మన తిండి పదార్థాల పట్టికలు అచ్చువేశాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారి 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది, తార్నాకలో ఉన్నది అదే. 1979లో పేదరికం గీత గీసినప్పుడు కూడా కెలోరీయే కొలబద్ద: పల్లెలో మనిషికి 2400, పట్నంలో 2100.

అంటే వందేళ్ళ పాటు మన దేశంలో ఈ లెక్క అడిగింది ఒకటే: మనిషికి చాలుతుందా లేదా? ఎక్కువైందా అనే ప్రశ్న మన తరానికే వచ్చింది.

ఇక కుర్చీ సంగతి. దీని మీద పెద్ద సాక్ష్యం మన దేశంలోదే. హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల గురించి మీరు వినే ఉంటారు, గంజాం, విశాఖ జిల్లాల నుంచి తెలుగువాళ్ళు వేలమంది అక్కడికి కూలికి వెళ్ళారు. అలాంటి ఒక మిల్లులో జాన్ మేయర్ అనే శాస్త్రవేత్త 213 మంది తిండీ, బరువూ, పనీ కొలిచి 1956లో అచ్చువేశాడు. బరువులు మోసేవాడు ఎక్కువ తిన్నాడు, సన్నగానే ఉన్నాడు. అది మనం ఊహించేదే. పని తగ్గేకొద్దీ తిండీ తగ్గింది, కానీ ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటి పూర్తిగా కూర్చునే గుమాస్తాలు, సూపర్‌వైజర్లు, దుకాణంలో కూర్చున్నవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి తిండి తగ్గకపోగా పెరిగింది. బరువూ వాళ్ళదే ఎక్కువ. కదలని ఒంటికి ఎంత ఆకలి వెయ్యాలో తెలియడం లేదన్నమాట. ముప్పై ఏళ్ళకు పైగా కుర్చీలో రిజిస్టర్లు రాసినవాణ్ణి, ఈ పరిశోధనలో గుమాస్తా అన్న మాట చూసి నవ్వుకున్నాను.

మన రైల్వే మీదే ఇంకొకటి ఉంది. రైల్వే డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా పదకొండు లక్షలకు పైగా రైల్వే ఉద్యోగుల రికార్డులు చూసి 1967లో రాశాడు. పంజాబువాళ్ళు మనకన్నా 8 నుంచి 19 రెట్లు కొవ్వు ఎక్కువ తింటారు, గుండెజబ్బు మాత్రం దక్షిణాదివాళ్ళకు ఏడు రెట్లు ఎక్కువ. అది గుండె లెక్క, బరువు లెక్క కాదు. కానీ పళ్ళెంలో అంకెలు చూసి ఒంటి సంగతి చెప్పలేమని అప్పుడే తెలిసింది.

మరి నడిచేవాళ్ళకు ఎందుకు పెరుగుతోంది? మొదట ఖర్చు వైపు చూద్దాం. 60 కిలోల మనిషి 4 కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యేది తీసేస్తే, మిగిలేది సుమారు 120 కెలోరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో ఉండేదీ అంతే. నడక అయ్యాక మన చంద్రపూర్‌లో ఒక ప్లేటు తర్రీ పోహా తినకుండా ఇంటికెళ్ళేవాళ్ళు ఎంతమంది? తర్రీ మీద తేలే ఎర్ర నూనె చూశారు కదా. పైగా ఒళ్ళు కూడా పొదుపు చేస్తుంది. టాంజానియాలో వేటాడి బతికే హాద్జా జనం రోజంతా తిరుగుతారు. వాళ్ళ ఖర్చు కొలిస్తే, ఒంటి సైజు సరిచేసి చూసినప్పుడు, ఆఫీసుల్లో పనిచేసే దేశాలవాళ్ళ ఖర్చుతో సమానంగా వచ్చింది. హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో తేల్చిన విషయం ఇది. ఒక చోట ఎక్కువ ఖర్చు పెడితే ఒళ్ళు ఇంకో చోట కోత పెడుతుందని ఆయన వాదన.

ఇక జమ వైపు. 1992లో న్యూయార్క్‌లో, తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని కొలిచారు. వాళ్ళు తిన్నదానిలో 47 శాతం లెక్కలోకి రాలేదు, చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువ చెప్పారు. అక్కయ్యను చూసి నవ్వేవాళ్ళు ఇది సరిగ్గా చదవాలి. ఇది దొంగతనం కాదు. రుచి చూసిన గరిటె, పిల్లాడు వదిలేసిన పూరీ, పోపు నూనె ఎవరికీ గుర్తుండవు. ఫోన్‌లో ఉన్న 'ఒక కప్పు అన్నం' మన ఇంటి గిన్నె కాదు.

లక్ష్యం అంకె కూడా మనది కాదు. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2320 కెలోరీలని 2010లో చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ, 2020లో 2110 చేసింది. ఆడవాళ్ళకు 1900 కాస్తా 1660 అయింది. అది కూడా 19 నుంచి 39 ఏళ్ళవాళ్ళను ఆధారం చేసుకున్న లెక్క. మనలో సగం మంది అరవై దాటినవాళ్ళం. వయసుతో కండ తగ్గుతుంది, దానితో ఖర్చూ తగ్గుతుంది. బల్లార్‌పూర్, ఘుగ్గుస్, మాజ్రీ గనుల్లో మన పెద్దలు తట్టలు మోసి పళ్ళెం నిండా తిన్నారు. కొడుకులు డంపర్లో కూర్చుంటున్నారు, పళ్ళెం మాత్రం అదే సైజు. ఏప్రిల్, మేలలో 46 డిగ్రీల ఎండలో ఉదయం ఏడు దాటితే బయట అడుగు పెట్టలేం, ఆ రెండు నెలలూ ఆ నడకా ఉండదు.

ఇంకో మాట, బరువు మిషన్ మీద. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లో డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు ఇద్దరికీ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలే, ఇంగ్లండు పిల్లలది 3.5. బరువు అంత తక్కువైనా ఆ పిల్లల్లో కండే తక్కువగా ఉంది, కొవ్వు అంతగా తగ్గలేదు. అందుకే మనకు మిషన్ కన్నా దర్జీ టేపు నయం. నడుము మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

నడక మానమని ఎవరూ అనుకోవద్దు. 1953లోనే లండన్ బస్సుల్లో డాక్టర్ మోరిస్ లెక్క తీశాడు: రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చునే డ్రైవర్లకన్నా గుండెజబ్బు తక్కువ. షుగరు, బీపీ, నిద్ర, అన్నిటికీ నడక కావాలి. బరువు తగ్గించే పని మాత్రం వంటింట్లో ఉంది. మిగతా 23 గంటల్లో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తామన్నదీ చూడాలి.

తిండి మారకుండా ఒక్కసారిగా బరువు పెరిగినా, పాదాలు వాచినా, ఆయాసం వచ్చినా, లెక్కలు పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించండి. థైరాయిడ్ కావచ్చు, గుండె, కిడ్నీ కావచ్చు. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, స్టెరాయిడ్లు కూడా బరువు పెంచుతాయి. అలాగని మందులు మీ అంతట మీరు ఆపకండి. వచ్చే మీటింగ్‌కు నేను టేపు తెస్తాను. ఆ రోజు టిఫిన్ కమిటీవాళ్ళు బజ్జీల బదులు ఉడికించిన శనగలు పెడితే బాగుంటుంది.