గొంతు, నోటి క్యాన్సర్: మాజీ సైనికుల ప్రాణం నిలిపేవి ఏవి?

అమెరికాలో సైన్యం నుంచి బయటికి వచ్చిన చాలా ఏళ్లకు బయటపడే జబ్బుల్లో తల, మెడ భాగాల క్యాన్సర్ ఒకటి. నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక, ముక్కు వెనక భాగం, లాలాజల గ్రంథులు... ఎక్కడ పుట్టినా ఈ పేరు కిందకే వస్తుంది. పదిలో తొమ్మిది కేసులు దాదాపు ఒకే రకం, లోపలి పొరలో మొదలయ్యే స్క్వామస్ సెల్ కార్సినోమా. అక్కడి మాజీ సైనికుల వైద్యం చూసేది వెటరన్స్ అఫైర్స్ శాఖ. సుమారు 90 లక్షల మంది పేర్లు నమోదైన ఈ ప్రభుత్వ వ్యవస్థలో రోగుల రికార్డులు ఏళ్ల తరబడి భద్రంగా ఉంటాయి. ఒకే దశలో వచ్చిన ఇద్దరిలో ఒకరు బతికి, ఇంకొకరు ఎందుకు దక్కలేదు అన్నది తెలుసుకోవడానికి ఈ రికార్డులు బాగా పనికొస్తాయి.

జబ్బు ఏ దశలో దొరికింది, మెడ గ్రంథులకు పాకిందా లేదా అన్నది అన్నింటికంటే ముందు చూస్తారు. అది అందరికీ వర్తించే లెక్కే. మాజీ సైనికుల విషయంలో దానికి పొగాకు తోడవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల నుంచి అమెరికా సైనికుడి రేషన్ ప్యాకెట్‌లోనే సిగరెట్లు పెట్టి ఇచ్చేవారు. అది 1975లో గానీ ఆగలేదు. అలవాటు చేసింది సర్కారు, బిల్లు కట్టింది సైనికుడి గొంతు. దీనికి మద్యం కూడా కలిస్తే ముప్పు కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది.

గొంతు వెనక భాగం, టాన్సిల్స్ దగ్గర వచ్చే క్యాన్సర్లలో మాత్రం కథ వేరు. అక్కడ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చిన గడ్డలు చికిత్సకు బాగా లొంగుతాయి. 2010లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో ఈ వైరస్ ఉన్నవారిలో మూడేళ్ల తర్వాత 82 శాతం మంది బతికి ఉంటే, లేనివారిలో 57 శాతమే. కానీ అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. రోజుకో ప్యాకెట్ చొప్పున ఏడాది కాలిస్తే ఒక 'ప్యాక్ ఇయర్' అంటారు. అలాంటి ఒక్కో ఏడాదికీ మరణ ముప్పు దాదాపు 1 శాతం పెరుగుతూ పోయింది. అంటే వైరస్ ఇచ్చిన మేలును సిగరెట్ కొంత లాగేసుకుంటుందన్నమాట.

రోగం తెలిశాక మానేస్తే ఏం లాభం అని చాలామంది అడుగుతారు. లాభం ఉంది. పొగ వల్ల రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆక్సిజన్ తక్కువైన గడ్డ మీద రేడియేషన్ సరిగా పనిచేయదు. 1993లో వచ్చిన కెనడా అధ్యయనంలో చికిత్స సమయంలోనూ పొగ తాగినవారిలో రెండేళ్లు బతికింది 39 శాతం, తాగనివారిలో 66 శాతం.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. వీరిలో చాలామంది వయసు పైబడినవారు, గుండె జబ్బు, షుగర్, ఊపిరితిత్తుల సమస్యలతో వస్తారు. క్యాన్సర్ తగ్గినా వేరే జబ్బుతో పోయేవారు తక్కువేం కాదు. సిస్‌ప్లాటిన్ అనే ముఖ్యమైన మందు కిడ్నీలను, వినికిడిని దెబ్బతీస్తుంది. తుపాకులు, ఇంజిన్ల మోత మధ్య పనిచేసినవారికి చెవులు ముందే పాడై ఉంటాయి. చెవిలో హోరు మాజీ సైనికుల్లో అత్యధికంగా నమోదయ్యే వైకల్యం. అలాంటివారికి ఈ మందు ఇవ్వాలా వద్దా అని డాక్టర్లు తర్జనభర్జన పడాల్సి వస్తుంది.

తర్వాత క్యాలెండర్. ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ అవసరమైతే 6 వారాల్లోపే మొదలుపెట్టాలి. ఆపరేషన్ లేకుండా రేడియేషన్ మీదే ఆధారపడితే మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 7 వారాలు, 35 సిట్టింగులు. మధ్యలో మానేస్తే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. ముందు పుచ్చిపళ్లు తీయించుకోవాలి, దూరం నుంచి రోజూ రావాలి, మింగలేక బరువు తగ్గిపోతారు, కొందరికి ట్యూబు ద్వారా ఆహారం ఇవ్వాల్సి వస్తుంది. ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నవారికీ, ఒంటరిగా ఉండేవారికీ తేడా కనిపించేది ఇక్కడే. పెళ్లయి భార్య లేదా భర్త తోడున్న రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారని చాలా అధ్యయనాలు చెప్పాయి. డిప్రెషన్ ఉన్నవారు సిట్టింగులు వదిలేసే ప్రమాదం ఎక్కువ.

మాట పోతుందన్న భయం కూడా చిన్నది కాదు. ఇక్కడ మాజీ సైనికుల వల్ల ప్రపంచానికే మేలు జరిగింది. 1991లో ప్రచురితమైన వెటరన్స్ ఆసుపత్రుల అధ్యయనంలో ముదిరిన స్వరపేటిక క్యాన్సర్ ఉన్న 332 మంది పాల్గొన్నారు. సగం మందికి స్వరపేటిక తీసేసి రేడియేషన్ ఇచ్చారు, మిగతావారికి ముందు కీమో, తర్వాత రేడియేషన్. రెండేళ్ల తర్వాత రెండు వైపులా బతికి ఉన్నవారు 68 శాతమే. కానీ రెండో గుంపులో 64 శాతం మందికి స్వరపేటిక మిగిలింది. గొంతు కోయకుండానే ప్రాణం కాపాడవచ్చన్న నమ్మకం అప్పటి నుంచే బలపడింది.

నష్టపరిహారం సంగతి కూడా దీనికి ముడిపడి ఉంది. వియత్నాంలో 1962 నుంచి 1971 వరకు ఏజెంట్ ఆరెంజ్ లాంటి మందులు చల్లిన చోట పనిచేసినవారికి స్వరపేటిక క్యాన్సర్‌ను ఉద్యోగం వల్ల వచ్చినట్టే లెక్కిస్తారు. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం ఇరాక్, అఫ్గానిస్తాన్ లాంటి చోట్ల చెత్త తగలబెట్టే గుంతల పొగ పీల్చినవారికి తల, మెడ క్యాన్సర్లన్నింటినీ జాబితాలో చేర్చింది. ఈ జబ్బు ఆ పొగ వల్లే వచ్చిందని బాధితుడు విడిగా రుజువు చేయనక్కర్లేదు.

మన దగ్గర రిటైరైన జవాన్ల వైద్యానికి 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ పథకం ఉంది, సికింద్రాబాద్‌లో దాని పాలీక్లినిక్ ఉంది. అయితే ఇక్కడ సిగరెట్‌తో పాటు గుట్కా, ఖైనీ వల్ల బుగ్గ లోపలి క్యాన్సర్ ఎక్కువ. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 2015లో చూపించిన లెక్క ఇలాంటివారి కోసమే: తొలి దశ నోటి క్యాన్సర్‌లో గడ్డతో పాటు మెడ గ్రంథులు కూడా అప్పుడే తీసేస్తే మూడేళ్లకు 80 శాతం మంది బతికారు, తర్వాత చూద్దాంలే అని ఆగినవారిలో 67.5 శాతం. మూడు వారాలు దాటినా మానని నోటి పుండు, తగ్గని గొంతు బొంగురు, మెడలో గట్టి గడ్డ ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.