హరణం నుంచి ఆధారసూచన దాకా: సిద్ధాంతవ్యాస రచనలో నిజాయితీ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పరిశోధనలో గ్రంథచౌర్యాన్ని కంప్యూటరు యుగపు సమస్యగా భావించడం పరిపాటి. అయితే పరుల రచన నుంచి ఏది, ఎంత, ఎలా గ్రహించవచ్చుననే విచారం భారతీయ అలంకారశాస్త్రంలో వెయ్యేళ్ల కిందటే జరిగింది. ఆనందవర్ధన, రాజశేఖరుల విభజనలను, తెలుగు కావ్యాలలోని రుణస్వీకారాన్ని, 2018 నాటి యూజీసీ నిబంధనలను వరుసగా పరిశీలించి, సారూప్య శాతానికీ పరిశోధకుని నిజాయితీకీ గల భేదాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సిద్ధాంతవ్యాసం, గ్రంథచౌర్యం, హరణం, రాజశేఖరుడు, అవతారిక, యూజీసీ నిబంధనలు, ఆధారసూచన.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయంలో సిద్ధాంతవ్యాసం సమర్పించే విద్యార్థి నేడు దానితోపాటు రెండు పత్రాలు జతచేస్తాడు. ఒకటి, ఈ రచన తన సొంతమని చెప్పే ప్రమాణపత్రం. రెండు, సారూప్య నివేదిక. మొదటిది మాట, రెండవది అంకె. క్రమంగా అంకె మాట స్థానాన్ని ఆక్రమిస్తున్నది. అంకె తక్కువగా ఉంటే రచన నిర్దోషమనీ, ఎక్కువగా ఉంటే సదోషమనీ భావించే అలవాటు బలపడుతున్నది. ఈ అలవాటు ఎంతవరకు సమంజసమో తేల్చాలంటే, ‘గ్రహించడం’ ఎప్పుడు ‘దొంగిలించడం’ అవుతుందో పూర్వులు ఎలా నిర్ణయించారో చూడాలి.

2. అలంకారశాస్త్రంలో హరణవిచారం

9వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో కవుల రచనల మధ్య కనిపించే పోలికకు ‘సంవాదం’ అని పేరుపెట్టాడు. అది మూడు విధాలు. అద్దంలోని ప్రతిబింబం వంటిది ఒకటి, చిత్తరువు వంటిది మరొకటి, ఇద్దరు మనుషులు ఒకే పోలికతో ఉండడం వంటిది మూడవది. మొదటి రెండూ త్యాజ్యాలు. మూడవది దోషం కాదు. రూపురేఖలు కలిసినా ఎవరి ప్రాణం వారిదే కావడం అందుకు కారణం. అంటే పోలిక ఉన్నదా లేదా అన్నది ఆయనకు ప్రధానం కాదు, ఆ పోలిక ఏ జాతిది అన్నది ప్రధానం.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విషయానికి మూడు అధ్యాయాలు కేటాయించాడు. 11వ అధ్యాయంలో శబ్దహరణాన్ని, 12, 13 అధ్యాయాలలో అర్థహరణాన్ని విచారించాడు. శబ్దహరణాన్ని పదం, పాదం, పద్యార్ధం, వృత్తం, ప్రబంధం అని పరిమాణాన్ని బట్టి అయిదుగా విభజించాడు. కవులను ఉత్పాదకుడు, పరివర్తకుడు, ఆచ్ఛాదకుడు, సంవర్గకుడు అని నాలుగు తెగలుగా చూపాడు. కొత్తగా పుట్టించేవాడు, మార్చేవాడు, కప్పిపుచ్చేవాడు, పోగుచేసేవాడు అని వీటిని స్థూలంగా అర్థం చేసుకోవచ్చు. నేటి పరిశోధనకు అన్వయిస్తే వీరిలో ఆచ్ఛాదకుడే అసలు దోషి. గ్రహించడం అందరూ చేసే పనే. గ్రహించిన చోటును కప్పివేయడం అతని ప్రత్యేకత.

ఇదే సందర్భంలో రాజశేఖరుడు అవంతిసుందరి అభిప్రాయాన్ని పేర్కొన్నాడు. ఆమె హరణానికి అవకాశమున్న సందర్భాలు కొన్ని చెప్పింది. మూలకర్త అప్రసిద్ధుడు, తాను ప్రసిద్ధుడు కావడం, ఆ రచనను ఎరిగినవారు గతించడం, మూలకర్త దేశాంతరవాసి కావడం, మూలగ్రంథం నశించడం వాటిలో ఉన్నాయి. కవికి సౌకర్యంగా చెప్పిన ఈ నాలుగింటికీ సామాన్యధర్మం ఒకటే: పట్టుబడే అవకాశం లేకపోవడం. ఈ జాబితా నేటి సిద్ధాంతవ్యాసాలకు ఎంత దగ్గరిదో 6వ భాగంలో తెలుస్తుంది.

3. తెలుగు కావ్యాలలో రుణస్వీకారం

11వ శతాబ్దిలో నన్నయ మహాభారత అవతారికలోనే తనకు తోడ్పడిన నారాయణభట్టును పేరుతో స్మరించాడు. దండి సంస్కృత గద్యాన్ని కేతన దశకుమారచరిత్రంగా తెనిగించాడు. శ్రీనాథుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, శృంగారనైషధం చివర, శ్రీహర్షుని కావ్యాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు తాను పాటించిన పద్ధతిని వివరించాడు. మూలంలోని శబ్దాన్ని, భావాన్ని, రసాన్ని, ఔచిత్యాన్ని తాను ఎలా చూసుకున్నదీ పాఠకునికి విన్నవించాడు. నేటి పరిభాషలో అది పరిశోధనాపద్ధతి ప్రకటన.

అయితే పూర్వకవిస్తుతికీ ఆధారసూచనకూ భేదం ఉన్నది. స్తుతి గౌరవాన్ని ప్రకటిస్తుంది. ఆధారసూచన పాఠకునికి తనిఖీ చేసుకునే వీలు కల్పిస్తుంది. “పెద్దలు చెప్పినట్లు” అని రాసిన వాక్యంలో వినయం ఉన్నది, పుటసంఖ్య లేదు. సిద్ధాంతవ్యాసానికి వినయం మాత్రమే చాలదు.

4. విశ్వవిద్యాలయ యుగం

1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయాలు ఏర్పడిన తరువాత తెలుగు పరిశోధనకు సంస్థాగత రూపం వచ్చింది. 1937లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడిన చిలుకూరి నారాయణరావు ఆంధ్రభాషాచరిత్రము, ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన ఈ యుగపు మైలురాళ్లు. జానపద విజ్ఞానం రాకతో రుణం అన్న భావన విస్తరించింది. ఆధారం గ్రంథమే కానవసరం లేదు. పాట పాడినవారు, కథ చెప్పినవారు కూడా ఆధారాలే. వక్త పేరు, ఊరు, సేకరించిన తేదీ విడిచిన పరిశోధకుడు పుటసంఖ్య విడిచినవానికన్నా తక్కువ దోషి కాడు.

చేతిరాత కాలంలోనూ చౌర్యం అసాధ్యం కాదు. దాని బీజం తరచు నోటుపుస్తకంలోనే పడుతుంది. చదివిన వాక్యాన్ని ఉద్ధరణ చిహ్నాలు లేకుండా, పుటసంఖ్య లేకుండా ఎత్తిరాసుకున్నవానికి రెండేళ్ల తరువాత అది ఎవరి వాక్యమో తెలియదు. దురుద్దేశం లేకున్నా ఫలితం ఒకటే.

5. 2018 నిబంధనలు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం విద్యా నిజాయితీ, గ్రంథచౌర్య నివారణలపై 2018లో నిబంధనలు ప్రకటించింది. సిద్ధాంతవ్యాసాలలో సారూప్యాన్ని నాలుగు స్థాయిలుగా విభజించింది. 10 శాతం వరకు స్వల్ప సారూప్యం, శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించరాదు. 60 దాటితే నమోదు రద్దవుతుంది.

ఈ నిబంధనలలో మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, తగిన ఆధారం చూపిన ఉద్ధరణలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. కాబట్టి ప్రబంధంపై పరిశోధించే విద్యార్థి శాతానికి భయపడి పద్యాలు తొలగించనక్కరలేదు. రెండవది, సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు వంటి భాగాలలో సారూప్యమే ఉండరాదు. వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినవాటికి, సర్వసామాన్య విషయాలకు మాత్రమే మినహాయింపు. కనుక ‘10 శాతం ఎత్తిరాయవచ్చు’ అన్న ప్రచారం అపోహ. మూడవది, స్నాతకోత్తర స్థాయి సిద్ధాంతవ్యాసం ఈ పరిధిలోకి వస్తుంది, ప్రాజెక్టు నివేదికలు, అసైన్‌మెంట్లు రావు. ఎత్తిరాసే అలవాటు మొలకెత్తేది అక్కడే కాబట్టి ఆ బాధ్యత పూర్తిగా అధ్యాపకునిపై పడుతున్నది.

6. శాతానికి అందనివి

సాఫ్ట్‌వేర్ తన నిధిలో ఉన్న పాఠంతోనే పోల్చగలదు. డిజిటల్ రూపం పొందని పాత ముద్రణలు, గ్రంథాలయ బీరువాలలోని టైపు ప్రతులు దానికి కనిపించవు. బొమ్మలుగా స్కాన్ చేసిన పుటలు, అను వంటి యూనికోడేతర ఫాంట్లలో కూర్చిన తెలుగు పాఠం దానికి అక్షరాలుగా అందవు. ఆంగ్లం నుంచో హిందీ నుంచో అనువదించుకున్న అధ్యాయాన్ని పసిగట్టడం దానికి కష్టం. అవంతిసుందరి చెప్పిన సందర్భాలు ఇక్కడ తిరిగి ఎదురవుతాయి. మూలకర్త అప్రసిద్ధుడు, ఎరిగినవారు గతించారు, కర్త దూరదేశంలో ఉన్నాడు, పుస్తకం దొరకదు. తెలుగు పరిశోధనలో చౌర్యానికి అనువైన చోట్లు, యంత్రానికి అందని చోట్లు చాలావరకు ఒకటే.

శాతం చూపని దోషం మరొకటి ఉన్నది. ఒక విమర్శకుని గ్రంథంలో చూసిన శాసనపాఠాన్ని, తాను మూలసంపుటంలోనే చూసినట్లు సూచించడం. ఇందులో ఒక్క వాక్యమూ ఎత్తిరాసినది కాదు. అయినా ఇది అసత్యం. మొదటి విమర్శకుడు పొరపడి ఉంటే, ఆ పొరపాటు కొత్త సాక్ష్యం సంపాదించి తరువాతి సిద్ధాంతవ్యాసాలలోకి సాగుతుంది. చౌర్యం వల్ల ఒక రచయిత నష్టపోతాడు, ఇటువంటి సూచన వల్ల శాస్త్రమే నష్టపోతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పోలికను జాతినిబట్టి నిర్ణయించాలని ప్రాచీనులు గుర్తించారు. పరిమాణం ఒక్కటే ప్రమాణం కాదు.
2. గ్రహించడం దోషం కాదు, ఆచ్ఛాదనమే దోషం.
3. సారూప్య నివేదిక పరిశీలనకు ఆరంభం మాత్రమే. తెలుగు విషయంలో దాని దృష్టి మరింత పరిమితం.
4. నోటు రాసుకున్న రోజే పుటసంఖ్య వేయడం, చూడని మూలాన్ని చూసినట్లు రాయకపోవడం, పాడినవారి పేరు చెప్పడం అన్నవి పరిశోధకుని కనీస ధర్మాలు.
5. పర్యవేక్షకుడు అధ్యాయాన్నే కాక దాని వెనుక ఉన్న నోటుపుస్తకాన్నీ చూడాలి. మౌఖిక పరీక్షలో ‘ఈ పుస్తకం ఎక్కడ చూశారు?’ అన్న ఒక్క ప్రశ్న, నివేదిక చెప్పలేని విషయాన్ని చెప్పగలదు.